ప్రభువా అన్నాక

మిషన్ ట్రైనింగ్ స్కూల్లో కలిసి చదువుకున్న స్నేహితురాళ్ళం ముప్పై ఏళ్ళ తర్వాత ఈమధ్య భిలాయిలో కలిశాం. వైశాలి నగర్‌లో కరుణ ఇల్లు. స్కూల్లో ఆమెదీ నాదీ ఒకే గది. ఇప్పుడు పాస్టరుగారి భార్య. మా వారు పోయి అప్పటికి కొన్ని నెలలే అయింది.

మా స్కూల్లో అన్నం ముందు ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు లేచి ప్రార్థన చెయ్యాలి. ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. ఆ రోజు కరుణ ఇంట్లోనూ అలాగే నన్ను పిలిచారు.

"సుగుణ ప్రార్థనయ్యేసరికి సాంబారు చల్లారిపోయేది కాదేటి!" అని ఒకామె నవ్వింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా" అన్నాను. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. ఏడుపూ రాలేదు. ఫ్యాన్ చప్పుడు వింటూ నిలబడిపోయాను. ఎవరూ కళ్ళు తెరవలేదు.

"ఆమెన్" అంది కరుణ గట్టిగా. అందరూ ఆమెన్ అని తినడం మొదలుపెట్టారు.

చేతులు కడుక్కుంటూ అడిగాను. "నేను ప్రభువా అని తప్ప ఏటీ అనలేదు కదే, ఆమెన్ అనేశావేటి?"

"నాకూ చాన్నాళ్ళుగా అంతకు మించి రావట్లేదే. మా సంఘంలో ఎవరికీ తెలీదు" అని కొళాయి కట్టేసింది.

ఇప్పుడు చరోదాలో మా ఇంట్లో ఒక్కదాన్నే భోజనానికి కూర్చుని "ప్రభువా" అంటాను. ఎవరైనా ఆమెన్ అంటారేమోనని కాసేపు ఆగి, తింటాను.