‘ఒగ్గీ’ అనే మాట

మా ఇంటి గోడకు నేను స్వయంగా గీసిన ఒక పట్టిక చాలా ఏళ్ళు వేలాడింది. ఎడమ వరుసలో మా వాళ్ళు పలికే మాటలు, కుడి వరుసలో వాటి శిష్ట రూపాలు. ‘ఏటి’కి ఎదురుగా ‘ఏమిటి’, ‘నేదు’కు ఎదురుగా ‘లేదు’, ‘ఒగ్గీ’కి ఎదురుగా ‘వదిలిపెట్టు’. యాంగోన్‌లో, అంటే వెనకటి రంగూన్‌లో, పుట్టిన ఈ తరం పిల్లల నోట తెలుగు మిగలడమే గొప్ప అని తక్కినవారు సరిపెట్టుకున్నారు. మిగిలేది సవ్యంగా మిగలాలని నేను పట్టుబట్టాను. పాఠశాలలో గణితం, ఆదివారాలు మింగళ తౌంగ్‌న్యున్‌లోని గుడి మండపంలో తెలుగు బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అంచున గీత కొట్టని నోటుపుస్తకాన్ని నేను ఏనాడూ దిద్దలేదు, తిప్పి పంపాను.

నిరుటి వానాకాలంలో మరొక పట్టిక గీయవలసి వచ్చింది. పదిహేడేళ్ళ మా మనవరాలు ఇన్యా సరస్సు ఒడ్డున ఉన్న పడవల సంఘంలో కాటమరాన్ పందేలు ఆడుతుంది. రెండు సన్నని దోనెలను ఎడంగా నిలిపి, అడ్డదూలాలతో కలిపి, నడుమ వలగుడ్డ బిగించి, తెరచాప ఎత్తిన పడవ అది. సంఘంలో ఆ పడవలకు రెండు తరగతులున్నాయి. మొదటిది పదహారడుగులది. ఇద్దరు నడపాలి. ఎక్కడ తయారైనా ఒకే అచ్చులో రావాలి, వెంట్రుకవాసి తేడా పనికిరాదు. రెండవది పద్ధెనిమిది అడుగులది. ఒక్కరే నడపాలి. పొడవుకూ, వెడల్పుకూ, బరువుకూ హద్దులు నిర్ణయించి, ఆ హద్దుల లోపల దోనెల ఆకారాన్ని చేసేవాడి తెలివికి విడిచారు.

మనవరాలు మూడేళ్ళుగా పదహారడుగుల పడవ మీద ఉంది. తోడు, మా కింది అంతస్తులోని బర్మా కుటుంబపు అమ్మాయి. చుక్కాని మా పిల్లది, తెరచాప తాడు ఆ పిల్లది. ఆ వానాకాలంలో సంఘానికి కొత్తగా ఒక ఒంటరి పడవ వచ్చింది. పిల్లల శిక్షకుడు ఓడల్లో అధికారిగా పనిచేసి దిగినవాడు; అతను దానిని మా మనవరాలికి ఇస్తానన్నాడు. రానున్న పందేలకు ఒక్కొక్కరు ఒక్క తరగతిలోనే పేరు నమోదు చేసుకోవాలి. మా పిల్ల ఒంటరి పడవ ఎక్కితే కింది పిల్లకు వేరే జోడు లేదు. ఆమె ఒడ్డునే మిగిలిపోతుంది. దరఖాస్తు మీద ఇంటి పెద్ద సంతకం కావాలి. నా కూతురు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, “మీరెలా సెప్తే అలగే నాన్నా” అని తప్పుకుంది.

నేను గీతల కాగితం తీసి రెండు వరుసలు గీశాను. కొలతల విషయంలో పదహారడుగుల పడవది క్రమం. అందరికీ ఒకే పడవ అయినప్పుడు గెలిచినవాడు తన నేర్పుతోనే గెలుస్తాడు. నడిపే విషయంలో మాత్రం ఒంటరి పడవది క్రమం; ఒక పడవకు ఒకే బుద్ధి. పైగా ఈ పిల్లలిద్దరూ మెట్ల మీద సగం తెలుగు, సగం బర్మా కలిపి వాదులాడుకోవడం నేను రోజూ వింటున్నాను. నేల మీదే ఇంత రభస చేసేవారు నీటి మీద ఏం సాధిస్తారు? ఒంటరి పడవ అని నిర్ణయించుకున్నాను. కలం మూత తీసేసరికి మనవరాలు వచ్చి నిలబడింది.

“తాతా, అప్పుడే సంతకం ఎట్టకండి. ఆదివారం ఓపాలి వొచ్చి సూడండి. సూసినాక మీ ఇష్టం.”

“‘చూడండి’ అనాలి.”

“చూడండి,” అని మళ్ళీ అంది. ఆమె చూపు కాగితం మీదే ఉంది.

సంతకం ఆదివారానికి వాయిదా వేశాను.

ఇక్కడ మా తాడు సంగతి చెప్పాలి. ఈ నగరంలో మేడ ఇళ్ళ వసారాల నుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. కొసన ఒక పెద్ద క్లిప్పు ఉంటుంది. పత్రిక, ఉత్తరం, పొద్దుటి ఫలహారం దానికి తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. బోటాటౌంగ్‌లో మాది మూడో అంతస్తు. పిల్లలిద్దరూ ఆ తాడుకు చెరొక కొసన పెరిగారు. కింది పిల్ల వీధిలో నిలబడి సంచి తగిలించి “లాగు!” అని అరిచేది. పైనుంచి ఏదైనా దించితే, అందగానే “ఒగ్గీ, ఒగ్గీ!” అనేది. ఆమెకు వచ్చిన తెలుగు పది మాటలకు మించదు. అందులో సగం ఈ తాడు నేర్పినవే. నన్ను పిలవడానికి పెద్దల పేర్లకు బర్మావారు చేర్చే ‘ఊ’ను మన ‘తాత’ అనే మాటకు తగిలించి “ఊ తాతా” అంటుంది. నేను వసారాలో నిలబడి “ఒగ్గీ కాదు, వదిలిపెట్టు!” అని దిద్దితే, ఆమె తల పైకెత్తి నవ్వి, “ఒగ్గీ, ఊ తాతా!” అనేది. బయటి పిల్ల కదా అని ఊరుకున్నాను. మా పిల్లను మాత్రం ఊరుకోలేదు.

ఆదివారం ఉదయం బస్సులో సరస్సుకు వెళ్ళేటప్పుడు కూడా ఊరుకోలేదు.

“నేను మీ శిక్షకుడి రక్షణ పడవలో కూర్చుని వింటాను. నా చెవిన మోటు మాట ఒక్కటీ పడకూడదు.”

“తాతా, నీటి మీద అలగ…”

“నీటి మీదైనా, నేల మీదైనా.”

ఆమె తల ఊపింది. మా పక్కన కూర్చున్న కింది పిల్లకు ఈ సంభాషణలో ఒక్క మాటా అర్థం కాలేదు. ఆమె కిటికీ బయట చెట్ల కొమ్మల కదలికను బట్టి గాలిని అంచనా వేస్తోంది.

శిక్షకుడు నాకు రక్షణ కవచం తొడిగించి మోటారు పడవలో తన పక్కన కూర్చోబెట్టాడు. నైరుతి గాలి. ఆకాశం పలక రంగులో ఉంది. ఆదివారాల సాధన పందెం అది; గంట మోగగానే పడవలు కదిలాయి. నేను లెక్కలు చెప్పినవాణ్ణి. గాలి బలం, తెరచాప విస్తీర్ణం, దోనెల ఎడం తెలిస్తే ఏం జరగాలో కాగితం మీద చెప్పగలను. కానీ కళ్ళతో చూడటం వేరు. గాలి తాకిడికి వాళ్ళ పడవ గాలివైపు దోనె నీటిని వదిలి పైకి లేచింది. ఆ దోనె అంచున పాదాలు ఆనించి, నడుముకున్న కొక్కేన్ని తెరచాప స్తంభం నుంచి వచ్చే తీగకు తగిలించి, ఇద్దరు పిల్లలూ బయటికి వాలి నీటి మీద అడ్డంగా నిలిచారు. వాళ్ళ కింద ఏమీ లేదు. నేను పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు సరస్సు మీద నల్లని చార ఒకటి పరుగెత్తుకొచ్చింది. బలమైన గాలి. దోనె ఇంకా లేచింది. తెరచాప తాడు వెంటనే సడలిస్తేనే పడవ నిలుస్తుంది. మనవరాలి గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. ప్రతి అక్షరం సుస్పష్టం, ఒత్తు సహితం.

“వదిలిపెట్టు!”

కింది పిల్ల తాడును అలాగే బిగించి పట్టుకుని, ఆమె వైపు ముఖం తిప్పింది.

“ఏటి?”

అంతే. స్తంభం నీటిని కొట్టింది. పడవ పక్కకు పడింది.

“ఆ పిల్ల ఏమంది?” శిక్షకుడు బర్మా భాషలో నన్నడిగాడు. “వాళ్ళ మాట అది కాదే! తాడు వదలాలంటే ‘ఒగ్గీ’ అంటారు. ఎంత చిన్న మాట! గాలి రాకముందే పని అయిపోతుంది. ఇప్పుడు సంఘంలో పిల్లలందరూ అదే అంటున్నారు. అది ఏ భాష, సయా? మీకు తెలుసా?”

గురువును ‘సయా’ అంటారు ఇక్కడ.

నాకు తెలుసు. మా తాత శ్రీకాకుళం తీరంలో నాలుగు మానులు కలిపి కట్టిన తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళినవాడు. ఈ దేశం వచ్చి బోటాటౌంగ్ రేవులో ఓడల సరుకు దించాడు. పసితనంలో ఆయనకు అన్నం పట్టుకుని నేను రేవుకు వెళ్ళేవాణ్ణి. గదంత బియ్యపు బస్తాల కట్ట తాడు మీద గాలిలో ఊగుతుంటే, దాని కింద మనుషులు నిలబడి చేతులు చాచేవారు. తాడు పట్టిన వరుసలో ముందు నిలిచిన మా తాత “ఒగ్గీ!” అనేవాడు. వరుస మొత్తం ఒకే క్షణాన చేతులు సడలించేది. ఆ కట్ట నిద్రపోతున్న బిడ్డను దించినట్టు నేలకు దిగేది. ఆ మాట కింద ప్రాణాలు ఉండేవి. దానిని నేను తప్పుల వరుసలో రాసి గోడకు కొట్టాను.

“దగ్గరికి వెళ్ళరా?” అని శిక్షకుణ్ణి అడిగాను.

“మనం చెయ్యి వేస్తే వాళ్ళ పందెం ముగిసినట్టే. లేపుకోనివ్వండి. ఆ పడవ ఒక్కరి బరువుకు లేవదు. ఇద్దరూ కలిస్తే ఏమవుతుందో చూద్దాం.”

ఇద్దరూ అడుగు దోనె మీదికి ఎక్కారు. పై దోనె మీదుగా తెచ్చిన తాడును పట్టుకుని వెనక్కి వాలారు. పడవ కదలలేదు. వాళ్ళ వీపులు నీటిని తాకేంతగా వాలారు. అయినా కదలలేదు. “నీ వల్లే!” అని కింది పిల్ల బర్మాలో తిట్టింది. “నోరు మూసి లాగు!” అని మా పిల్ల తెలుగులో అంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఇద్దరి నడుములూ ఒక్కసారి వాలాయి. నీటిలో పరచుకున్న తెరచాప అంచు వేలెడంత పైకి తేలింది. గాలి దాని కిందికి దూరింది. నీరు ధారలుగా జారుతుండగా ఆ పొడవాటి స్తంభం మెల్లగా, తర్వాత వేగంగా, ఆకాశంలోకి నిలబడింది. నేను కూడా లేచి నిలబడ్డానని శిక్షకుడు నా భుజం పట్టి కూర్చోబెట్టినప్పుడు గాని తెలియలేదు.

మళ్ళీ బయలుదేరారు. మళ్ళీ నల్లని చార వచ్చింది. ఈసారి మనవరాలు నా వైపు చూడలేదు.

“ఒగ్గీ!”

మాట ముగియకముందే తాడు సడలింది. దోనె చేతి ఎత్తున గాలిలో నిలిచి, వణికి, అక్కడే ఆగింది. “లాగు!” పడవ ముందుకు దూకింది. “ఒగ్గీ… లాగు… ఒగ్గీ!” చుక్కాని ఒకరిది, తాడు ఒకరిది, రెండు దేహాలు ఒకే ఊపిరితో వాలుతున్నాయి, లేస్తున్నాయి. ఒక పడవకు ఒకే బుద్ధి అని నేను కాగితం మీద రాసింది నిజమే. అది ఒకే తలలో ఉండనవసరం లేదని నా లెక్కకు తట్టలేదు. అరవై ఏళ్ళుగా వినని గొంతు ఒకటి ఆ నీటి మీద, పొరుగు జాతి పిల్ల చేతుల్లో, పని చేస్తోంది.

అందరికంటే చివర ఒడ్డుకు చేరారు. నేను వెంట తెచ్చిన దరఖాస్తు రేవు బల్ల మీద ఉంది. ఎగిరిపోకుండా దాని మీద నా కళ్ళజోడు పెట్టె పెట్టాను. ఇద్దరూ నీళ్ళు కారుతూ వచ్చి నిలబడ్డారు. మనవరాలు తలెత్తలేదు. కింది పిల్ల మాత్రం ఎత్తింది.

“ఊ తాతా, ‘వదిలిపెట్టు’ ఏటి?”

మనవరాలు చటుక్కున నా వైపు చూసింది.

“ఒగ్గీ,” అన్నాను.

దిద్దడానికి కాకుండా నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. “తాతా, ‘ఒగ్గీ’ అనీసినారేటి!” అని మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెను నేను దిద్దలేదు.

కలం తీసి, తరగతి అన్న గడిలో పదహారడుగులు, ఇద్దరు, అని రాశాను. దాని కింద తోడు పేరుకు ఒక గడి ఉంది. ఇన్నేళ్ళుగా మా మెట్ల మీద తిరిగిన పిల్ల పేరు ఎలా రాయాలో నాకు తెలియదు. ఒక్కొక్క అక్షరం ఆమెనే అడిగి, ఆమె బర్మాలో “మళ్ళీ తప్పు, సరిగ్గా చూడండి” అని రెండుసార్లు కొట్టివేయించగా, మూడోసారి సరిగా రాశాను.