అడగకుండా తొక్కిన పెడల్

ఆయన్ని అందరూ బొంగరం అంటారు. కూర్చోబెడితే కూర్చోడు, నిలబెడితే నిలబడడు. అన్నం కూడా వంటింటికీ వసారాకీ మధ్య తిరుగుతూనే తింటాడు. "కాళ్ళకింద నిప్పులేమైనా పోశారా నీకు?" అని భార్య విసుక్కుంటుంది. నిప్పులు కాళ్ళకింద లేవు పాపం, గుండెలో ఉన్నాయి.

పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ఆయనా, భార్య తమ్ముడూ ఒకే కటింగ్ మిషన్ మీద పనిచేసేవారు. బావమరిది కాగితాల కట్టను కత్తి కిందికి జరిపి సర్దేవాడు. బొంగరం పెడల్ తొక్కేవాడు. తొక్కేముందు "చెయ్యి?" అని అడగాలి, అవతలివాడు "తీశా" అనాలి. ఒకరోజు, పని త్వరగా ముగించాలన్న ఆత్రంలో, బొంగరం అడగకుండానే తొక్కేశాడు. బావమరిది కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. యజమాని నిలదీస్తే, "అడిగానండీ, తీశా అన్నాడు" అని అబద్ధమాడాడు. పరాకు మనిషని బావమరిదిని పనిలోంచి తీసేశారు. ఆస్పత్రి మంచం మీద అతను ఎదురుచెప్పలేదు.

అప్పటినుంచీ ప్రార్థన మందిరంలో పాస్టరుగారు పాపం అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది బొంగరం పరిస్థితి. పాపం దాచుకుని తినకూడని ప్రభువు బల్ల రొట్టె తన వరుసకి వచ్చే వేళకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. కిటికీ రెక్క కొట్టుకుంటోందంటాడు, ఎవరి పిల్లో ఏడుస్తోందంటాడు, మెల్లగా బయటపడతాడు. రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల వెంట తిరిగేది ఆ బావమరిదే.

మొన్న ఆదివారం మందిరానికి బయల్దేరేముందు బొంగరం ఇంట్లో బావమరిది చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. "ఈ పరాకుతోనేరా నువ్వు వేళ్ళు పోగొట్టుకుంది!" అని అక్క కసిరింది. అతను నవ్వుతూ గాజుపెంకులు ఏరాడు. ఆ నవ్వు చూసి బొంగరం ఓర్చుకోలేకపోయాడు.

రొట్టె వేళకి మామూలుగానే లేచి వరండాలోకి వచ్చేశాడు. ఈసారి పళ్ళెంతో సహా బావమరిది వెనకే వచ్చాడు.

"ఏంటి బావా, ఇవాళ కిటికీలన్నీ మూసే ఉన్నాయిగా?"

"ఒరేయ్, ఆరోజు నేను అడగలేదురా. అడక్కుండానే తొక్కేశాను."

"తెలుసు."

"తెలుసా?"

"పక్కనే ఉన్నాను కదా, అడిగుంటే వినపడదా? మొదట్లో రోజూ తిట్టుకునేవాణ్ణి. నువ్వు నాశనమైపోవాలని ప్రార్థన కూడా చేశా. చెయ్యగా చెయ్యగా నా పాపాలే గుర్తొచ్చాయి. వాటన్నిటినీ దేవుడు క్షమించేశాడు. ఇంక నిన్ను పట్టుకుని నేనెక్కడికి పోను? వదిలేశా."

"అట్లా ఎలా వదిలేస్తావురా?" బొంగరం గొంతు పెంచాడు. "తిట్టు. ఒక్క దెబ్బైనా కొట్టు. నాకు నిద్ర పట్టట్లేదు."

"నీకూ నాకూ పడాల్సిన దెబ్బలు సిలువ మీద ఆయనే తినేశాడు బావా. ఇంక కొట్టడానికేం మిగల్లేదు."

బొంగరం వరండా మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. లోపల పాట మొదలైంది.

"మరి మీ అక్కకి?" అన్నాడు చివరికి, ముక్కు తుడుచుకుంటూ.

"అది నువ్వే చెప్పుకోవాలి. అక్కడ మాత్రం నేను అడ్డం పడలేను."

బొంగరానికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇవాళే చెప్తానన్నాడు. బావమరిది పక్కనే కూర్చుని, ఉన్న మూడు వేళ్ళతో రొట్టెముక్క తీసి బావ చేతిలో పెట్టాడు.