వదలని మోటారు చెయ్యి

రాజమండ్రిలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే రోజుల్లో చెయ్యి పోయినవాళ్లు పెట్టుకునేందుకు నేనొక మోటారు చెయ్యి తయారుచేశాను. ల్యాబ్‌లో స్టీలు గ్లాసు పట్టుకుందంటే, బ్యాటరీ ఆగిపోయినా వదిలేది కాదు. కనబడినవాళ్లందరికీ ఆ గొప్ప చెప్పుకునేవాణ్ణి. గ్లాసు మనల్ని తిరిగి లాగదు కదా అన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

దాన్ని మొదట పెట్టుకున్నది ఒక జాలరి. లాంచీ కింద తిరిగే ఫ్యాన్ తగిలి ఆయన ఎడమ మణికట్టు కిందంతా పోయింది. భార్య తెడ్డు వేస్తుంటే తను వల లాగాలని ఆయన కోరిక. తేడా వస్తే ఒక్క గుంజుతో మోటారు చెయ్యంతా ఊడొచ్చేలా, మోచేతికి కట్టే బెల్టుకి బకిల్ పెట్టి ఇచ్చాను.

పనితనం చూద్దామని ఒక ఉదయం వాళ్ల నావ ఎక్కాను. నాకు ఈత రాదు. వరద తగ్గినా గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. నావకి కట్టిన వల తాడును మోటారు వేళ్లు గట్టిగా పట్టుకోగానే మురిసిపోయాను. అంతలో కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి వలకి చిక్కింది. ఆయన వదిలే బటన్ నొక్కాడు. బ్యాటరీ అప్పటికే తడిసి చచ్చిపోయింది, వేళ్లు తెరుచుకోలేదు. మనిషి నావ అంచు మీదికి వంగిపోతున్నాడు.

"బకిల్ లాగండి!" అని అరిచాను.

"ఊడిపోద్దని తీసేశానండీ! నైలాను తాడుతో కట్టానండీ!"

నీళ్ల మీద బతికే మనిషికి గుంజితే ఊడే కట్టు ఏం కట్టు? తడిసేకొద్దీ బిగిసే ముడి వేసుకున్నాడు. విప్పబోతే ముడి కదల్లేదు. నేను చేసిన చెయ్యి నా కళ్లెదుటే మనిషిని ముంచేస్తోంది. ఆయన భార్య తెడ్డు పడేసి, "అడ్డు లెగండి సారూ!" అని నన్ను తోసేసి, కత్తితో ఆ నైలాను తాడు కోసేసింది. ఆయన వెనక్కి పడ్డాడు. మోటారు చెయ్యి మాత్రం వల తాడును పట్టుకునే నీళ్లలోకి పోయింది.

వారం తర్వాత ఆయనే, వలతోపాటు పైకొచ్చిన దాన్ని తువ్వాలులో చుట్టి ల్యాబ్‌కి తెచ్చాడు. "బాగుచేసి ఇచ్చేయండి సార్. నాకేం భయం లేదండి" అన్నాడు.

గట్టిగా లాగితే వేళ్లు వాటంతటవే తెరుచుకునేలా మార్చేశాను. అయినా దాన్ని మళ్లీ నది మీదికి పంపే ధైర్యం చాలక, ఆయన వచ్చినప్పుడల్లా సామాను ఇంకా రాలేదని అబద్ధమాడాను. మూడోసారి వరండాలో ఆయన గొంతు వినగానే లోపల గడియ పెట్టుకున్నాను. బాగైన చెయ్యి నా బల్ల మీదే ఉంది. ఆయన వెళ్లిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.