స్కేలమ్మ తొలి తప్పులు

పసిపిల్లల గౌన్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో మూడో మిషను దగ్గర కూర్చునే ఆమెను అందరూ స్కేలమ్మ అంటారు. ఆమె కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. ఏడో నెల పొట్ట అడ్డం వస్తుంటే కుర్చీని జానెడు వెనక్కి జరుపుకుందే తప్ప, ఆరేళ్లలో ఒక్క గౌనునైనా తప్పుల బుట్టలో పడనివ్వలేదు. పొదుపు చేసిందంతా స్కానింగులకూ మందులకూ కర్పూరంలా హరించుకుపోయింది. కాన్పయ్యాక రెండు నెలలు జీతం రాదు. రోజుకు నలభై గౌన్లు కుట్టే మనిషి తన బిడ్డకు గౌను కొనాలంటే మిగిలిన దారి ఒక్కటే. కుట్టు తప్పినవాటిని పనివాళ్లకు పావు ధరకు ఇస్తారు.

ఆ శనివారం ఆమె భుజం కుట్టును కావాలనే వంకర తిప్పబోయింది. గుడ్డను పక్కకు లాగిన వేలే, సూది దిగేలోగా దాన్ని మళ్లీ దారికి తెచ్చేసింది. మూడు గౌన్లు పాడుచేయబోయి మూడూ తిన్నగానే కుట్టింది. చెకింగు బల్ల దగ్గరి పెద్దావిడ ఇదంతా చూస్తూనే ఉంది. మూడింటినీ తిరగేసి, తప్పు ముద్ర కొట్టింది.

స్కేలమ్మ మొహం కందిపోయింది. “ఎక్కడుంది పెద్దమ్మా తప్పు? స్కేలు పెట్టి చూడు.”

“చెడగొట్టడం చేతకాదు గానీ, నాతో వాదన ఒకటా? డబ్బు కట్టి పట్టుకుపో తల్లీ.”

కట్టింది. సోమవారం వచ్చేసరికి, గోడమీది తప్పుల పట్టికలో ఆరేళ్లుగా ఖాళీగా ఉన్న ఆమె గడిలో మూడు అంకె వేసి ఉంది. స్కేలమ్మ దాన్ని చూసి మిషను ముందు కూర్చుంది.

“ఇదీ నీ ఖర్చే,” అని పొట్టతో చెప్పి, సూదిలోకి దారం ఎక్కించుకుంది.