పడుగు దగ్గర డ్రిల్లు

ఈ ఉదయం మా గుడియాత్తం వీధిలో చాచి కట్టిన పడుగు మీద ఒక చీమ, గంజిలో కాళ్లు అంటుకుని నిలిచిపోయింది. దాన్ని విడిపిద్దామని వంగేసరికి చిన్నాయన మెడలోని ఈల ఊదాడు.

వేలూరు కోట మైదానంలో సిపాయిల డ్రిల్లు చూసి వచ్చినప్పటి నుంచి, పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కలిసి కసరత్తు చేయాలని ఆయన పట్టు. గంజి ఆరకముందే పడుగును కుంచెతో దువ్వాలి. ఆరితే పోగులు అతుక్కుని తెగుతాయి. పడుగు చెడితే ఈ నెల నేత చెడినట్టే. ఆయనకూ అది తెలుసు. అయినా అందరినీ వరుసలో నిలబెట్టాడు.

"నాయనా, గంజి ఆరిపోతా ఉండాది," అంది అమ్మ.

"తెగిన పోగు ముడేసుకోవచ్చు వదినా. చెడిన ఒళ్లు ముడేస్తావా? చేతులెత్తు."

ఆరేళ్ల మా తమ్ముడు గుంజీలు తీస్తూనే అడిగాడు. "నువ్వు యాల తియ్యవు చిన్నాయనా?"

"నేనూ తీస్తే లెక్క ఎవురు పెడతారురా?"

మధ్యాహ్నమంతా అమ్మా నేనూ ఎండలో కూర్చుని తెగిన పోగులు ముడివేశాం. చిన్నాయన అరుగు మీద నిద్రపోయాడు. ఒంటికి విశ్రాంతి కూడా కావాలట. ఇంత కోపం నేను చదివే కాన్వెంటులో కూడా నాకు ఎవరి మీదా రాలేదు.

సాయంత్రం నుంచి ఈల కనబడలేదని ఆయన ఇల్లంతా వెతుకుతున్నాడు. అది నా పుస్తకాల పెట్టెలో, ప్రార్థన పుస్తకం కింద ఉంది. తప్పు చేశానేమో, చదివిన మీరే చెప్పండి. ఈ కాగితం ఆయన కంటపడ్డా పరవాలేదు. చిన్నాయనకు తెలుగు చదవడం రాదు.