చివరిదాకా వినే అమ్మాయి

కాలేజీ క్విజ్ జట్టులో ఆమెను అందరూ మబ్బు అంటారు. బల్ల చివరి కుర్చీ ఆమెది. ప్రశ్న మొదలవగానే కళ్ళు మూసుకుని, పిట్ట వాలినంత తేలిగ్గా బొటనవేలు బజర్ మీద ఆనించి, కథ వింటున్న పిల్లలా తల వాల్చేస్తుంది. జవాబు తెలియక కాదు. సగంలో నొక్కితే చదివేవారు అక్కడే ఆపేస్తారు, మిగతా ప్రశ్న ఇక ఎవరికీ వినపడదు. అదీ ఆమె బెంగ. ఈలోపు అవతలి జట్టు నొక్కేస్తుంది. "తెలిసి కూడా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటావేమే?" అని కెప్టెన్ తల పట్టుకుంటుంది.

జాతీయ పోటీల ఫైనల్లో రెండు జట్లూ సమానంగా నిలిచాయి. కెప్టెన్‌కి కాలేజీలో ఇదే ఆఖరి ఏడాది. "సముద్రంలో నిట్టనిలువుగా నిద్రపోయే ఈ జీవి..." అంటూ క్విజ్‌మాస్టర్ చివరి ప్రశ్న మొదలుపెట్టాడు. బల్ల కింద కెప్టెన్ ఆమె చేతిని పట్టుకుంది. మబ్బు కళ్ళు తెరిచి, బజర్ నొక్కి, "తిమింగలం" అంది. హాలు దద్దరిల్లింది. జట్టంతా కప్పు చుట్టూ మూగితే, ఆమె మాత్రం కాగితాలు సర్దుకుంటున్న క్విజ్‌మాస్టర్ దగ్గరికి వెళ్ళింది. "సార్, మిగతాది చదవరా?" "గెలిచేశారు కదమ్మా, ఇంకెందుకు?" అంటూనే ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "...ఒక్క గుక్క గాలి లోపల దాచుకుని, కాసేపు కునుకు తీసి, మళ్ళీ వెలుగులోకి తేలుతుంది. ఏమిటది?" ఖాళీ అవుతున్న హాల్లో కళ్ళు మూసుకుని చివరి మాటదాకా విని, బజర్ లేని ఆయన బల్లను ఆమె బొటనవేలితో మెల్లగా నొక్కింది.