తడి, నమీ, మాయిశ్చర్

బొబ్బిలి వైపు నుంచి రైల్వే కొలువు మీద ఇనుప గనుల ఊరు కిరందుల్ వచ్చి అక్కడే స్థిరపడిపోయిన యేసుపాదం గారి రెండో అమ్మాయి సూర్యకాంతం. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ మాట్లాడుతూ పెరిగింది. జగదల్‌పూర్‌లో కంప్యూటర్ చదువు అయ్యాక గీదంలో సత్యమూర్తి గారి చిన్న ఆఫీసులో కుదిరింది. ఇనుపరాయి లారీలు తూచే కాటాలకి ప్రోగ్రాములు రాసివ్వడం అక్కడి పని.

ఆ ప్రోగ్రాము పెద్ద అతుకుల బొంత. వచ్చినవాళ్లు వచ్చినట్టు తలో ముక్కా రాసి వెళ్లిపోయారు. ఆ ఏడు తొలకరి పడగానే కాటాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రాయి తడిస్తే చీటీలో బరువు ఉండాల్సినదానికంటే తగ్గిపోతోందట. తడికి ఎంత తీసెయ్యాలో ప్రోగ్రామే లెక్క కడుతుంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో వెతకాలి.

సత్యమూర్తి గారు అప్పుడే విశాఖపట్నం వెళ్లి కొత్త సాధనం ఒకటి తెచ్చారు. ప్రోగ్రాములో ఏ ముక్క ఏ ముక్కని పిలుస్తోందో తీగలల్లినట్టు బొమ్మ గీసి చూపిస్తుంది. సూర్యకాంతానికి మాత్రం కంప్యూటర్‌లో ముందునుంచీ ఉన్న గ్రెప్ చాలు. మాట చెబితే అది ఉన్న ప్రతి వరసా తెచ్చి ముందు పడేస్తుంది. ఆఫీసుకంతా ఏదో ఒకటే ఉండాలని ఆయన పట్టు.

"అయితే రెండింటినీ ఇదే పని అడుగుదాం సార్. ఏది దొరకబుచ్చుకుంటే అది ఉంచేద్దాం," అంది.

ఆయన సరదా మనిషి, సరేనన్నారు. పాత మిషను మీద ఆయన సాధనం కోడంతా చదువుకునేసరికి పొద్దెక్కింది, నడుమ కరెంటు పోయి మళ్లీ మొదలెట్టింది. చివరికి 'తడి' అని అడిగితే ఆ పేరున్న ముక్కని చక్కగా చూపించింది. అందులో తప్పేమీ లేదు. గ్రెప్ కూడా ఆ ముక్కనే చూపించింది. పందెం తేలలేదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే తోంగ్‌పాల్ ఊరి సుక్రాం అప్పుడు తలెత్తాడు. తనకంటే ముందు రాయ్‌పూర్ ఆయనొకడు ఇక్కడ పనిచేశాడనీ, ఆయన తెలుగులో పేర్లు పెట్టడు కదా అనీ హిందీలో అన్నాడు. సూర్యకాంతం వెంటనే తడికి హిందీ, ఇంగ్లీషు మాటలు కూడా చేర్చి 'తడి', 'నమీ', 'మాయిశ్చర్' మూడూ కలిపి వెతికింది. 'నమీ' పేరుతో ఇంకో ముక్క బయటపడింది. రెండూ ఒకే పని చేస్తున్నాయి.

సత్యమూర్తి గారు ఆ పేరు తన బొమ్మలో కొట్టారు. చీటీ అచ్చేసే చోటు నుంచే 'తడి'కి ఒకటి, 'నమీ'కి ఒకటి, రెండు తీగలూ బయల్దేరుతున్నాయి.

"ఏటమ్మా ఇది! ఒకే తడిని రెండుసార్లు పిండేస్తున్నారా?" అని పగలబడి నవ్వారాయన.

ఆ పూటే రెండో ముక్క తీసేశారు. మర్నాడు జోరువానలో తూచినా చీటీ లెక్క కుదిరింది. ఆఫీసులో రెండు సాధనాలూ ఉండిపోయాయి. పేరు దొరకడానికి గ్రెప్, దొరికాక దాని దారి పట్టుకోవడానికి బొమ్మ.

ఇకమీదట పేర్లన్నీ ఒకే భాషలో పెట్టాలని సత్యమూర్తి గారు మిరపకాయ బజ్జీలు తెప్పించి మరీ మీటింగు పెట్టారు. ఏ భాషో తేలకముందే బజ్జీలు అయిపోయాయి.